పశువుల దాణా, మన వనభోజనాలూ

పోయిన నెల మా ఊళ్ళో బీన్సు సప్పర్‌కి వెళ్ళి, అక్కడి ప్లేటు ఫోటో ఒకటి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాలు కాలేదు, "ఏంటండీ ఇది, పశువుల దాణానా?" అని ఒకరు. "వీళ్ళకి ఉప్పూ కారం తెలిస్తేగా" అని ఇంకొకరు. వెనకాలే పడీపడీ నవ్వే బొమ్మలు ఓ ఇరవై. నేనూ ఒక బొమ్మ పెట్టి ఊరుకున్నాను. గ్రూపుల్లో ఇవన్నీ మామూలే కదా.

మొన్న సోమవారం ఆ గ్రూపులోనే ఉండే ఒకావిడ నాకు విడిగా ఒక ఫారం పంపారు. కార్తీక వనభోజనాలుట, బోస్టన్ దగ్గర ఏదో పార్కులోట. పేరు, ఇంటిపేరు, గోత్రం, సొంతూరు, ఎంతమంది వస్తారు, పిల్లల వయసు. పైన ఎర్ర అక్షరాలతో "మనవాళ్ళకి మాత్రమే, దయచేసి బయటివాళ్ళకి ఫార్వర్డ్ చెయ్యొద్దు" అని.

ఈసారి నాకు నవ్వు రాలేదు. ఈ పోస్టు అందుకే రాస్తున్నాను. కొంతమందికి కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి.

ముందు ఆ దాణా సంగతి చెప్తాను.

మేముండేది మెయిన్ రాష్ట్రం. అమెరికా పటంలో ఈశాన్యం మూల, కెనడాని ఆనుకుని ఉంటుంది. అడవులు, చలి, సముద్రం. మనవాళ్ళు చాలా తక్కువ. మా ఊళ్ళో అయితే మాతో కలిపి రెండే తెలుగు ఇళ్ళు. ఇక్కడ శనివారం సాయంత్రం బీన్సు తినడం తాతలనాటి అలవాటు. పాతకాలం క్రైస్తవులు శనివారం పొద్దుగుంకిన దగ్గర్నుంచీ విశ్రాంతి దినంగా పాటించి, ఆదివారం పొయ్యి వెలిగించేవాళ్ళు కాదుట. ముందురోజే పొయ్యిలో పెట్టేసిన బీన్సు కుండే రెండు రోజులూ గడిపేదిట. ఇప్పుడా నిష్ఠ లేదు కానీ శనివారం బీన్సు మిగిలింది. చర్చి హాళ్ళలో, అగ్నిమాపక దళం వాళ్ళ హాళ్ళలో, గ్రేంజ్ హాళ్ళలో ఊరందరికీ సప్పర్ పెడతారు. గ్రేంజ్ అంటే 1867లో మొదలైన రైతుల సంఘం. ఆ రోజుల్లోనే ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా సభ్యత్వం, ఓటు ఇచ్చిన సంఘం. అమెరికా దేశం ఆడవాళ్ళకి ఓటిచ్చింది 1920లో అని గుర్తు చేసుకుంటే సంగతి అర్థమవుతుంది.

మామూలు సప్పర్‌కి బీన్సు ఓవెన్‌లో చేస్తారు. పెద్ద సప్పర్ అయితే గుంటలో వండుతారు. దాన్ని బీన్ హోల్ బీన్స్ అంటారు.

మా పక్కింటి పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు, కారు నడపలేదు. "శుక్రవారం పొద్దున హాలు దగ్గర దింపుతావా, గింజలు ఏరాలి" అంది. దింపి వచ్చేద్దామని వెళ్ళినదాన్ని అక్కడే కూర్చుండిపోయాను. గింజల్లో రాళ్ళు ఏరడం నాకొకరు నేర్పాలా? చేట ఒక్కటే లోటు. అక్కడున్నవాళ్ళంతా డెబ్భై దాటినవాళ్ళు. నా వేగం చూసి ఒకావిడ తన గిన్నె కూడా నా ముందుకి తోసేసింది.

రెండు రకాల గింజలు. ఒకటి తెల్లగా ఉండి మొలక దగ్గర పసుపు మచ్చ ఉండేది, ఎల్లో ఐ అంటారు. ఇంకోటి తెలుపు మీద ముదురెరుపు మచ్చలది, జాకబ్స్ క్యాటిల్ అంటారు. అచ్చం మచ్చల ఆవు దూడలాగా ఉంటుంది గింజ. అన్నీ మన రాజ్మాకి అక్కచెల్లెళ్ళే. ముందురోజు రాత్రి నానబోసినవి, పొద్దున ఒక ఉడుకు ఉడికిస్తారు. ఎంతవరకూ అంటే, గరిటెతో నాలుగు గింజలు తీసి ఉఫ్ అని ఊదితే పైతొక్క చిట్లి ముడుచుకోవాలి. మనం పాకాన్ని నీళ్ళల్లో వేసి ఉండ కడుతోందా అని చూసుకోమూ, అలా. నాకు అక్కడే వాళ్ళ మీద గౌరవం పుట్టింది. కొలతలు కాగితం మీద లేవు, ఊపిరిలో ఉన్నాయి.

బయట మగవాళ్ళు గుంట దగ్గర. మూడడుగుల లోతు, చుట్టూ, అడుగునా రాళ్ళు పేర్చి ఉంటాయి. అందులో గట్టి కర్ర, మేపుల్, ఓక్ లాంటివి, గంటల తరబడి మండించి అడుగంతా నిప్పులు చేస్తారు. ఇనప కుండల్లో గింజలు, ఉల్లిపాయ, ఆవపొడి, మొలాసిస్ అనే చెరుకు మడ్డి, ఉప్పు, పైన ఉప్పుపట్టించిన పంది కొవ్వు ముక్క. వేడినీళ్ళు పోసి, మూత బిగించి, గొలుసుతో గుంటలోకి దించి, పైన నిప్పులు కప్పి, ఆ పైన మన్ను కప్పేస్తారు. ఎక్కడైనా పొగ బయటికొస్తే అక్కడ ఇంకో పార మన్ను. అంతే. మర్నాడు సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోరు.

ఆ మన్ను కప్పిన గుంట చూస్తే నాకేం గుర్తొచ్చిందో చెప్పనా? మా అమ్మమ్మగారింట్లో దాలిగుంట. పిడకల మీద పాలకుండ పెడితే పొద్దుటినుంచి సాయంత్రం దాకా అలా కాగి కాగి ఎర్రటి మీగడ కట్టేది. మంట కనిపించదు, పని జరిగిపోతూంటుంది. ఇక ఉలవల సంగతి. పశువులకి ఉడకబెట్టి గింజ వాళ్ళకి వేసి, మిగిలిన కట్టుతోనే కదా మనం ఉలవచారు కాచుకున్నది! ఇవాళ అదే ఉలవచారు పెళ్ళిళ్ళలో మీగడ వేసి వడ్డిస్తుంటే క్యూలో నిలబడి తాగుతున్నాం. ఫోటో చూసి "పశువుల దాణా" అన్నాయన కృష్ణా జిల్లావారే. ఆ మాట వారి నోట్లోంచి వచ్చినందుకే నాకు ఎక్కువ చిరాకేసింది.

ఉప్పూ కారం అన్నవారికి ఇంకో ముక్క. మన కారం మనది కాదు. మిరపకాయ పుట్టింది ఈ అమెరికా ఖండాల్లోనే. సుమారు 500 ఏళ్ళ క్రితం పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన రేవులకొచ్చింది. టమాటా ఇక్కడిదే, వేరుశనగ ఇక్కడిదే, మనం పంజాబీ అనుకునే రాజ్మా కూడా. వీళ్ళ గింజని, మిరపని తెచ్చుకుని వీళ్ళకే రుచి తెలీదంటే ఎలా?

రుచి ఎలా ఉందంటారా, ఏమాటకామాటే చెప్పాలి. తియ్యగా ఉంది. నాకైతే కొంచెం ఎక్కువ తీపే. రెండో ముద్దకి అలవాటైంది, మూడో ముద్దకి పొగ వాసన తెలిసింది, ప్లేటు ఖాళీ చేశాను. గింజ నోట్లో వెన్నలా విడిపోతుంది, కానీ ప్లేటులో చెదరదు. నా ప్రెషర్ కుక్కర్ జన్మలో అలా ఉడికించలేదు. పక్కన డబ్బాలో ఆవిరి మీద ఉడికించిన గోధుమరంగు రొట్టె, క్యాబేజీ తురుము, ఎర్రరంగు వేసిన హాట్‌డాగ్ (అది నేను తినలేదు), చివర్న రకరకాల పైలు. పంది కొవ్వు మేం తినం, మరెలాగ అని శుక్రవారమే భయపడుతూ అడిగాను. "ఒక కుండ అది లేకుండా వెన్నతో చేస్తాం, ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు" అన్నాడు గుంట పెద్దాయన. గరిటె కూడా విడిగా పెట్టారు. ఎందుకు తినవు, ఏ మతం, ఏం పూజ అని ఒక్కరు అడగలేదు.

నా అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. తలుపు దగ్గర బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుంది. మనిషికి 12 డాలర్లు, పిల్లలకి సగం. ఆ డబ్బు చలికాలంలో హీటింగ్ ఆయిల్ కొనుక్కోలేని ఇళ్ళకి వెళుతుంది. ఆవిడ నన్నడిగింది ఒకే ప్రశ్న, "ఎంతమంది?" అని. లోపల పొడుగు బల్లలు, మీద తెల్ల కాగితం పరిచి. ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. మాకు ఒకపక్క చెత్త లారీ నడిపే అబ్బాయి, ఇంకోపక్క రిటైరైన జడ్జిగారు, ఎదురుగా చంకలో పిల్లతో ఒక ఒంటరి తల్లి. పాత్ర చేతులు మారుతూ వస్తుంది, వడ్డించుకుని పక్కవాళ్ళకి అందించాలి. జడ్జిగారికి చేతులు వణుకుతుంటే లారీ అబ్బాయి వడ్డించాడు. వాళ్ళలో వాళ్ళు రాజకీయాల్లో బద్ధశత్రువులని పక్కింటావిడ తర్వాత చెప్పింది.

నేను తెలుగు బీఏ చదువుకున్నాను. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని, అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తిన్నాడని, అదే పెద్ద గొడవకి ఒక కారణమైందని మా మాస్టారు చెప్తుంటే మురిసిపోయి నోట్సు రాసుకున్నాను. పరీక్షలో పది మార్కుల ప్రశ్న కూడా వచ్చింది, బాగా రాశాను. చాపకూడు అంటే ఎలా ఉంటుందో కళ్ళారా చూడ్డానికి మాత్రం నలభై దాటాక మెయిన్‌లో గ్రేంజ్ హాలుకి రావాల్సొచ్చింది. నాకది గర్వంగా లేదు.

వనభోజనాలంటే నా చిన్నప్పుడు మాత్రం గొప్పగా ఉండేవా అంటే, అదీ చెప్తాను. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద, వీధిలోవాళ్ళంతా తలా ఒక వంట తెచ్చుకుని వెళ్ళేవాళ్ళం. వీధిలోవాళ్ళంతా అన్నాను, మా వీధిలో ఎవరుండేవాళ్ళో నేను చెప్పక్కర్లేదు. చెట్టు ఎక్కి కొమ్మలు విరిచి పొయ్యిలోకి వేసిన పాలేరు పిల్లాడు ఎక్కడ కూర్చుని తిన్నాడో నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే జవాబు. కాబట్టి పాత రోజులు బంగారం, ఇప్పుడే చెడిపోయాం అనే పాట నేను పాడను. కానీ అప్పుడు కనీసం ఫారం లేదు. ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఫలానా కుల వనభోజనాలని బ్యానర్లు కట్టి, ఎమ్మెల్యేలని పిలిచి, ఎవరి చెట్టు వాళ్ళు పంచుకున్నారు. ఆ చెట్టుని విమానమెక్కించి ఇక్కడికి కూడా తెచ్చాం. ఇంత చేసి వంటలు మనం వండుతామా? లేదు, కేటరింగ్. వనమూ లేదు, వంటా లేదు, మిగిలింది గోత్రం.

మా ఊళ్ళో రెండో తెలుగిల్లు ఉందన్నాను కదా. మూడేళ్ళ క్రితం జనవరిలో నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. మావారు అప్పుడే కొత్త ఉద్యోగంలో చేరారు, సెలవు లేదు. పది రోజులు ఆ ఇంటావిడ మోకాలి లోతు మంచులో నడిచొచ్చి చారన్నం పెట్టి, అమ్మాయికి జడ వేసి స్కూలు బస్సెక్కించింది. నన్ను అక్కా అంటుంది. సొంత చెల్లెలైనా అంతకంటే చెయ్యదు, నాకు సొంత చెల్లెలుంది కాబట్టే అంటున్నాను.

ఆ ఫారం వాళ్ళకి రాలేదు. రాదు.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. నా ఫోనులో ఆ ఫారం చూసి, "అమ్మా, వీళ్ళు కూడా వస్తున్నారా? ఒకే కార్లో వెళ్దామా?" అంది. ఏం చెప్పను? "వాళ్ళకి వేరే పని ఉందే" అన్నాను. అబద్ధం ఆడాను. నేను సిగ్గుపడిన క్షణం అది. పార్కులో ముక్కూ మొహం తెలియని రెండువందలమంది నా వాళ్ళుట, నా ఒంట్లో కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు నన్ను లేపి కూర్చోబెట్టిన మనిషి బయటివాళ్ళుట.

మావారితో అన్నాను. ఆయన శాంతమూర్తి. "అది మన చుట్టాలు కలుసుకోవడం లాంటిది, దాన్ని భూతద్దంలో చూడకు" అన్నారు. చుట్టాలైతే నేనూ ఒప్పుకుంటాను. మా పెదనాన్న మనవలూ మేమూ ఏడాదికోసారి కలుస్తాం, ఆ భోజనానికి ఊరందరినీ పిలవం. అది కుటుంబం. ఈ రెండువందలమంది నాకు ఏ వరసా కారు. "పిల్లలకి రేపు సంబంధాలకి పనికొస్తుంది" అని ఇంకొకావిడ ఫోన్లో చెప్పారు. అది నిజాయితీగా చెప్పిన మాట, అందుకు మెచ్చుకున్నాను. అలాగైతే దానికి పెళ్ళిచూపులని పేరు పెట్టండి. ఉసిరి చెట్టు పేరు, కార్తీకం పేరు ఎందుకు వాడుకోవడం? "ఇక్కడ మనం మైనారిటీ, మన గుర్తింపు మనం కాపాడుకోవాలి" అన్నారు మరొకరు. ఏ గుర్తింపు? తెలుగా? అయితే ఆ రెండో ఇంటి వాళ్ళ పిల్ల మా పిల్లకంటే మంచి తెలుగు మాట్లాడుతుంది. వాళ్ళని బయట పెట్టి కాపాడేది తెలుగు ఎలా అవుతుంది?

ఇక్కడివాళ్ళంతా దేవతలని నేననడం లేదు, ముందే చెప్పేస్తున్నాను. మన్నులో కుండ పెట్టి వండడం ఈ నేల మీద ముందునుంచీ ఉన్న పెనాబ్‌స్కాట్ లాంటి వాబనాకి జాతులవాళ్ళ దగ్గర నేర్చుకున్నామని వీళ్ళే చెప్పుకుంటారు. మడ్డికి బదులు మేపుల్ చక్కెర, పందికి బదులు ఎలుగుబంటి కొవ్వు వేసేవాళ్ళుట. వంట తీసుకున్నారు, భూమీ తీసుకున్నారు. ఆ భూముల దావా 1980లో కాంగ్రెస్ చట్టంతో గానీ ఒక కొలిక్కి రాలేదు. హాలు గోడ మీద అడవిలో చెట్లు కొట్టే కూలీల ఫోటోలున్నాయి, చలికాలమంతా ఆ క్యాంపుల్లో మూడు పూటలా ఈ గుంట బీన్సే తిని దుంగలు నదుల్లోకి తోసినవాళ్ళు. పెనాబ్‌స్కాట్ వాళ్ళ ఫోటో ఒక్కటీ లేదు. ఆ మొలాసిస్ మాత్రం? అది కరీబియన్ దీవుల్లో బానిసల చేత చెరుకు పండించి తెచ్చిన తీపి. పక్కింటావిడతో గోడ మీద ఫోటోల సంగతి అంటే, కాసేపు ఆలోచించి "నువ్వన్నది నిజమే, మీటింగులో అడుగుతాను" అంది. అడిగిందో లేదో చూడాలి.

ఇంకో సంగతి కూడా నా కళ్ళబడింది. కుండ పైకి తీసేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టి గుంట దగ్గర మగవాళ్ళకి ఫోటోలు తీశారు. గింజలు ఏరినవాళ్ళకి, నలభై పైలు చేసినవాళ్ళకి, తర్వాత రాత్రి తొమ్మిదింటి దాకా ఆ ఇనప కుండల అడుగులు గీకినవాళ్ళకి ఎవరూ ఫోటో తియ్యలేదు. ఈ విషయంలో మాత్రం మెయిన్‌కీ మచిలీపట్నానికీ తేడా లేదు.

ముసలివాళ్ళైపోతున్నారు, అదొక దిగులు. పోర్ట్‌లండ్‌లో బీన్సు డబ్బాల ఫ్యాక్టరీ ఉండేది, వందేళ్ళ పైమాట, దాన్నీ 2021లో ఆపేశారు. పాటెన్ అనే ఊళ్ళో అడవి కూలీల మ్యూజియం ఉంది, అక్కడ ఏటా ఆగస్టులో ఈ గుంట బీన్సు పండగ చేస్తారు, జనం బాగానే వస్తారు. కానీ మా హాలులాంటి చిన్నచోట్ల పార పట్టేవాళ్ళు ఐదారుగురు. గుంట పెద్దాయనకి ఎనభై ఒకటి. పిల్లలు ఊళ్ళొదిలి వెళ్ళిపోయారు. మనూళ్ళ సంగతి మనకి తెలీదా!

ఫారం పంపినావిడకి నిన్న ఫోన్ చేశాను. మెసేజ్ పెడితే మాట తప్పుగా వినిపిస్తుందని ఫోనే చేశాను. "అక్కయ్యగారూ, మేం రావట్లేదండీ. మా ఊళ్ళో ఇంకో తెలుగు కుటుంబం ఉంది, వాళ్ళని కూడా రానిస్తే వస్తాం" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అలా మొదలుపెడితే ఎక్కడ ఆపుతామమ్మా" అన్నారు. నిజంగా మంచి మనిషి, కోవిడ్ అప్పుడు తెలియనివాళ్ళకి కూడా క్యారేజీలు పంపిన మనిషి. అందుకే ఆ మాట ఇంకా చెవిలో ఉంది. ఆపాలని ఎందుకనుకుంటున్నారో అడుగుదామనుకుని, అడగలేక పెట్టేశాను.

అమ్మాయికి కూడా నిజం చెప్పేశాను. అది చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నీకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు వీళ్ళెవరైనా వచ్చారా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

ఈ శనివారం మా హాల్లో ఈ ఏడాదికి ఆఖరి గుంట. నవంబరు నడిమికొస్తే నేల గడ్డకట్టేస్తుంది, ఇక వేసవి దాకా తవ్వలేరు. వెన్న కుండలో ఈసారి ఉలవలు వండుతానంటే పెద్దాయన "అవేంటి?" అన్నాడు. గుర్రాలకి పెట్టే గింజలన్నాను. "అయితే మంచివే అయ్యుంటాయి" అన్నాడు. రెండో ఇంటివాళ్ళూ వస్తున్నారు, గింజలు నానబెట్టడం ఆ అమ్మాయి పని, పోపు నాది. శుక్రవారం పొద్దున ఆరింటికల్లా రమ్మన్నారు, పాత బూడిద తోడాలిట. పార ఉందా అని అడిగారు. ఉందన్నాను. తీరా చూస్తే మా ఇంట్లో ఉన్నది మంచు తోసే ప్లాస్టిక్‌ది. అది పనికిరాదుట.